రాగి లక్ష్మణయ్య

కోలారు జిల్లా పేరు వినగానే చాలామందికి బంగారు గనులు గుర్తుకు వస్తాయి. భూమి లోపల మూడు వేల మీటర్లకు పైగా లోతుకు దిగి శ్రామికులు అక్కడ బంగారాన్ని తవ్వి తీశారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. కాని మాస్తి, మాలూరు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల పల్లెవాసుల కడుపు నింపినది బంగారం కాదు, రాగి పంట. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి ముద్ద, పండుగ దాటిన మరునాడు మళ్ళీ సంగటి ముద్ద. తెలుగు మాట్లాడే ఇంట్లోనైనా, కన్నడం మాట్లాడే ఇంట్లోనైనా పొయ్యి మీద ఉడికేది ఆ గింజే.

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. ఏటా కురిసే వాన సుమారు 70 నుండి 75 సెంటీమీటర్లు. ఆ వాననీటిని చెరువులలో నిలుపుకొని, ఎర్రనేలలను దున్నుకొని ఇక్కడి రైతులు బ్రతుకుతూ వచ్చారు. ఇటువంటి నేలకు రాగి తగిన పైరు. వాన వెనుకబడితే వాడిపోయి నిలుస్తుంది. వాన కురిస్తే మళ్ళీ పచ్చబడుతుంది. రాగులను పాతరలో పోసి సంవత్సరాల తరబడి దాచినా పురుగు అంత సులభంగా పట్టదు. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వరిబియ్యంలో ఉండే కాల్షియం ఇందులో పదోవంతు కూడా ఉండదు.

ఈ పంట సరిగా పండకపోతే ఏమవుతుందో మైసూరు సీమ ప్రజలు 1876 నుండి 1878 వరకు వచ్చిన కరువులో చూశారు. 1871 జనాభా లెక్కలలో 50 లక్షలకు పైగా ఉన్న మైసూరు సంస్థాన జనసంఖ్య, 1881 లెక్కల నాటికి సుమారు 42 లక్షలకు పడిపోయింది. కోలారు ప్రాంతం కూడా ఆ కరువు వాతపడింది. మెట్టచేనులో ఎకరానికి రెండు మూటలు ఎక్కువ పండడం అంటే ఆ రోజులలో లాభం మాట కాదు, ప్రాణాల మాట. అటువంటి పంట కోసం తన జీవితాన్ని వినియోగించిన శాస్త్రవేత్త లక్ష్మణయ్య.

మాస్తి అనే ఊరిపేరు ప్రసిద్ధ కన్నడ రచయిత వెంకటేశ అయ్యంగారు పేరుకు ముందు నిలిచిపోయింది. ఊరిపేరును, వంశం పేరును ఇంటిపేరుగా పెట్టుకోవడం మన దేశంలో వాడుకే. కాని ఒక పంటపేరు మనిషికి ఇంటిపేరు కావడం అరుదు. లక్ష్మణయ్యను కర్ణాటక రైతులు రాగి లక్ష్మణయ్య అని పిలుచుకున్నారు. రాగి బ్రహ్మ అనే బిరుదు కూడా ఆయనకు ప్రజలలో ఏర్పడింది. కొత్త రాగి రకాలను సృష్టించినందువల్ల ఆయనకు ఆ పేరు వచ్చింది.

లక్ష్మణయ్య 1921లో మైసూరు ప్రాంతంలోని హారోహళ్ళిలో జన్మించారు. అప్పటికి రాగి పంటను బాగుచేసే ప్రయత్నం మైసూరు సంస్థానంలో మొదలై కొద్ది సంవత్సరాలైంది. కెనడా దేశం నుండి వచ్చిన లెస్లీ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త అప్పుడు సంస్థాన వ్యవసాయశాఖను నడుపుతున్నారు. రైతుల చేలలో పండే నాటురాగిలో మంచి మొక్కలను ఏరి, వాటి గింజలను వేరుగా విత్తి, 1918లో హెచ్-22 అనే రకాన్ని రూపొందించారు. రైతులు కూడా అనాదిగా చేస్తున్న పని ఇదే. కళ్ళంలో మంచి వెన్నులను ఏరి, మరుసటి ఏటికి విత్తనంగా దాచుకోవడం మన ఇళ్ళలో పెద్దలకు తెలిసినదే. కాని ఏరడం ద్వారా ఉన్నవాటిలో మంచిదాన్ని మాత్రమే పొందగలం. ఒక మొక్కలో పెద్ద వెన్ను ఉండి, మరొక మొక్కలో త్వరగా పండే గుణం ఉంటే, ఆ రెండింటినీ ఒకే మొక్కలోకి తేవడం ఏరడం వల్ల సాధ్యం కాదు. దానికి ఆ రెండు మొక్కలను సంకరం చేయాలి. లక్ష్మణయ్య చేపట్టిన మార్గం అది.

వ్యవసాయ శాస్త్రం అభ్యసించిన తరువాత లక్ష్మణయ్య రాగి పరిశోధనలో ప్రవేశించారు. మండ్య దగ్గర ఉన్న వి.సి. ఫారం ఆయనకు కర్మభూమి అయింది. వి.సి. అంటే విశ్వేశ్వరయ్య కాలువ. కృష్ణరాజసాగరం నుండి వచ్చే ఆ కాలువనీటితో మండ్య చుట్టుపట్ల వరి, చెరకు పచ్చగా పెరుగుతాయి. అక్కడ ఉండి ఆయన మెట్టరైతు పండించే రాగి మీద దృష్టి నిలిపారు. 1964లో బెంగుళూరులో వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఈ పరిశోధనా క్షేత్రం దాని క్రిందికి వచ్చింది.

రాగిని సంకరం చేయడం తేలికైన పని కాదు. రాగివెన్ను చేతివేళ్ళలాగా చీలి ఉంటుంది. ఒక్కొక్క వేలి మీద పదుల సంఖ్యలో చిన్న చిన్న గుత్తులు, ఒక్కొక్క గుత్తిలో నాలుగు నుండి ఏడు వరకు పువ్వులు ఉంటాయి. ఆ పువ్వు ఆవగింజకంటె పెద్దదేమీ కాదు. అందులోనే మూడు కేసరాలు, ఒక అండాశయం ఇమిడి ఉంటాయి. పువ్వులు విచ్చుకునేది నడిరేయి దాటిన తరువాత, తెల్లవారే లోపల. విచ్చుకునేసరికే పుప్పొడి తన పువ్వులోని కీలాగ్రం మీదనే రాలిపోతుంది. అందువల్ల రాగిలో నూటికి 99 గింజలు తన పుప్పొడితో తానే కట్టినవి. పక్కమొక్క పుప్పొడి లోపలికి వచ్చే అవకాశం చాలా తక్కువ. ప్రకృతి మూసిపెట్టిన ఈ తలుపును పరిశోధకుడు తెరవాలి.

దీనికి పరిశోధకులు కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. రెండు రకాల మొక్కలను పక్కపక్కన పెంచి, పువ్వులు విచ్చుకోబోయే ముందు రెండు వెన్నులను కలిపి కట్టి ఉంచడం ఒక పద్ధతి. అలా కట్టినప్పుడు ఒకదాని పుప్పొడి రెండవదానిపై రాలి, ఎక్కడో ఒకటి రెండు గింజలు సంకరగింజలుగా ఏర్పడతాయి. మిగిలిన వందల గింజలు మామూలువే. వాటిలో సంకరగింజ ఏదో తెలుసుకోవడం ఎలా? దానికి మొక్క రంగును ఆధారం చేసుకున్నారు. రాగిలో కొన్ని రకాల కణుపులు ఊదారంగులో ఉంటాయి. కొన్నింటివి ఆకుపచ్చగా ఉంటాయి. ఊదారంగు బలమైన లక్షణం. ఆకుపచ్చ మొక్కను తల్లిగా, ఊదారంగు మొక్కను తండ్రిగా ఎంచుకొంటారు. తల్లిమొక్క గింజలను విత్తినప్పుడు ఆకుపచ్చ నారు మధ్య ఊదారంగు మొక్క కనిపిస్తే, అదే సంకరమొక్క. వందల మొక్కలను ఒక్కొక్కటిగా పరిశీలించి, అటువంటి మొక్కలను కొద్దింటిని దక్కించుకోవాలి.

ఇంత శ్రమపడి రెండు రకాలను కలిపితే కొత్తరకం ఎలా పుడుతుంది? ఆ రహస్యం మొక్క కణాలలో ఉన్నది.

ప్రాణి శరీరమంతా కణాలతో నిర్మితమైనది. ప్రతి కణంలో కేంద్రకం, అందులో దారపు పోగులవంటి క్రోమోసోములు ఉంటాయి. మొక్క ఎత్తు, వెన్ను పరిమాణం, గింజ రంగు, పంటకాలం మొదలైన గుణాలను నిర్ణయించే జన్యువులు ఈ పోగులలోనే ఉంటాయి. రాగిమొక్క కణంలో 36 క్రోమోసోములు ఉన్నాయి. ఇవి 18 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. వేరు పొడవు పెరిగేటప్పుడు, ఆకు వెడల్పయ్యేటప్పుడు ఒక కణం రెండు కణాలుగా చీలుతుంది. అప్పుడు రెండు కొత్త కణాలకూ 36 చొప్పున క్రోమోసోములు చేరుతాయి. దీనిని సమవిభజన అంటారు.

పువ్వులో పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు మాత్రం విభజన వేరొక విధంగా జరుగుతుంది. ఒకవేళ పుప్పొడిలో 36, అండంలో 36 క్రోమోసోములు ఉంటే ఆ రెండూ కలిసిన గింజలో 72 ఉండాలి. ఆ తరువాతి తరంలో 144 కావాలి. అలా జరుగుతూ పోతే ఏ జాతీ నిలువదు. కనుక పుప్పొడికీ, అండానికీ సగం చొప్పున, అంటే 18 చొప్పున మాత్రమే క్రోమోసోములు అందే ఏర్పాటు ప్రకృతిలో ఉన్నది. దానినే క్షయకరణ విభజన అంటారు. క్షయం అంటే తగ్గడం. సంఖ్య సగానికి తగ్గుతుంది కనుక ఆ పేరు వచ్చింది.

ఈ విభజన రెండు దశలలో నడుస్తుంది. మొదట కణంలోని ప్రతి క్రోమోసోము తనవంటిదే మరొక ప్రతిని తయారుచేసుకొని, దానితో అతుక్కొని ఉంటుంది. తరువాత తల్లివైపు క్రోమోసోము, తండ్రివైపు క్రోమోసోము ఒకదాని పక్కన ఒకటి చేరుతాయి. అలా ఆనుకొని ఉన్నప్పుడు అవి అక్కడక్కడ తెగి, ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకొంటాయి. దీనిని వినిమయం అంటారు. ఆపైన జతలు విడిపోయి, ఒక్కొక్క జతలోనిది ఒకటి ఈ కొసకు, మరొకటి ఆ కొసకు చేరుతుంది. ఇది మొదటి దశ. రెండవ దశలో, అతుక్కొని ఉన్న ప్రతులు కూడా విడిపోతాయి. ఇలా ఒక కణం నుండి నాలుగు కణాలు ఏర్పడతాయి. ప్రతిదానిలోనూ 18 క్రోమోసోములే ఉంటాయి. కేసరంలో ఈ నాలుగూ పుప్పొడి రేణువులవుతాయి. అండాశయంలో మూడు నశించి, మిగిలిన ఒకటి అండానికి మూలమవుతుంది. పుప్పొడిలోని 18, అండంలోని 18 కలిసినప్పుడు గింజలో మళ్ళీ 36 అవుతాయి.

క్షయకరణ విభజన లెక్కను సరిచేయడంతోనే ఆగదు. కొత్తదనానికి పుట్టిల్లు కూడా అదే. జతలు విడిపోయేటప్పుడు ఏ జతలోనుండి తల్లివైపుది వస్తుందో, ఏ జతలోనుండి తండ్రివైపుది వస్తుందో ముందుగా చెప్పడానికి వీలులేదు. ఒక జతకు రెండు అవకాశాలు. రెండు జతలకు నాలుగు. మూడు జతలకు ఎనిమిది. ఈ విధంగా లెక్కించుకొంటూ పోతే రాగిలోని 18 జతలకు 2,62,144 అవకాశాలు ఏర్పడతాయి. ఒకే సంకరమొక్క ఇన్ని రకాల పుప్పొడిని తయారుచేయగలదు. అన్ని రకాల అండాలు కూడా అందులో ఏర్పడగలవు. ముక్కల మార్పిడిని కూడా కలిపితే ఈ సంఖ్యకు అంతే ఉండదు. తాత పోలిక, అమ్మమ్మ నవ్వు, మేనత్త కనుముక్కు తీరు ఒకే ఇంటి పిల్లలలో ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధంగా కనిపించడానికి కారణం కూడా ఈ విభజనే.

ఇందువల్లనే సంకరమొక్కల మొదటి తరంలో మొక్కలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. ఎందుకంటే ప్రతి మొక్కకూ ఒక సగం ఈ రకం నుండి, ఒక సగం ఆ రకం నుండి వచ్చింది. ఆ మొదటి తరం మొక్కలు పూచినప్పుడు క్షయకరణ విభజన జరిగి, రెండు రకాల గుణాలు కలగాపులగమవుతాయి. రెండవ తరం గింజలను విత్తితే ఆ మడిలో ఏ రెండు మొక్కలూ ఒక తీరుగా ఉండవు. పొడుగువి, పొట్టివి, ముందు పండేవి, ఆలస్యంగా పండేవి, వేళ్ళు ముడుచుకొన్న వెన్నులు, విచ్చుకొన్న వెన్నులు అన్నీ కనిపిస్తాయి. పరిశోధకుని అసలు పని అక్కడ మొదలవుతుంది. వేల మొక్కలలో ఆశించిన గుణాలన్నీ కలిసివచ్చిన మొక్క ఏదో ఒకటి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఎండలో నిలబడి ఒక్కొక్క మొక్కనూ చూచి, కొలిచి, గుర్తుపెట్టి, గింజలను విడివిడిగా దాచాలి.

ఏరిన మొక్క వెంటనే కొత్తరకం కాదు. దాని గింజలలో మరల కొంత తేడా కనిపిస్తుంది. అయితే రాగి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కదా! ఆ గుణం ఇప్పుడు మేలు చేస్తుంది. తరం మారిన కొద్దీ జతలలోని తేడా సగం సగంగా తగ్గిపోతుంది. రెండవ తరంలో సగం జతలలో తేడా మిగిలితే, మూడవ తరంలో నాలుగోవంతు, నాలుగవ తరంలో ఎనిమిదోవంతు మిగులుతుంది. ఎనిమిదవ తరానికి ఆ తేడా నూటికి ఒక పాలు కూడా ఉండదు. అప్పుడు ఆ రకం స్థిరపడినట్లు లెక్క. ఆ తరువాత వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు నేలలలో విత్తి చూడాలి. ఒక కొత్తరకం రైతు చేతికి అందాలంటే పది సంవత్సరాల దాకా పడుతుంది. ఒకసారి పొరపాటున గింజలు కలిసిపోతే అన్ని సంవత్సరాల శ్రమ వృథా అవుతుంది.

లక్ష్మణయ్య ఈ పనిని ఒకసారి కాదు, జీవితమంతా చేశారు. మొదట ఆయన మన దేశపు రాగి రకాలనే ఒకదానితో ఒకటి సంకరం చేశారు. 1950, 1960 దశకాలలో అరుణ, ఉదయ, పూర్ణ, అన్నపూర్ణ, కావేరి, శక్తి అనే రకాలు వెలువడ్డాయి. ఇవి పాతరకాల కంటె ఎక్కువ దిగుబడి ఇచ్చాయి. ఒక శాస్త్రవేత్తకు ఇంతటితోనే తృప్తి కలగవచ్చు. కాని దేశపు రకాలన్నీ ఒకే కుటుంబం వంటివి. వాటిలో లేని గుణాన్ని వాటినుండి ఎంత వెదకినా పొందలేము. అందుచేత ఆయన దృష్టి సముద్రం దాటి ఆఫ్రికా వైపు మళ్ళింది.

రాగి పుట్టినిల్లు ఆఫ్రికా. తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియా, ఉగాండా ఎత్తుప్రదేశాలలో వేల సంవత్సరాల క్రిందట ప్రజలు దీనిని మొదటిసారి సాగుచేశారు. అక్కడనుండి అది ఏ కాలంలోనో సముద్రమార్గాన మన దేశానికి చేరి, దక్కను పీఠభూమిలో స్థిరపడింది. ఇల్లు విడిచిన ఇద్దరు అన్నదమ్ముల సంతతి వేర్వేరు దేశాలలో పెరిగినట్లు, ఆఫ్రికా రాగి ఒక తీరుగా, మన రాగి మరొక తీరుగా మారాయి. ఆఫ్రికా రాగి మొక్క బలిష్ఠంగా ఉంటుంది. కాడ లావు, ఆకు వెడల్పు, వెన్ను పెద్దది, గింజలు ఒత్తుగా ఉంటాయి. అయితే అది ఆలస్యంగా పండుతుంది. మన మెట్టచేలలో వానలు అంతకాలం నిలువవు. మన రాగి త్వరగా పండుతుంది, మన వానలకు అలవాటుపడినది. కాని దాని వెన్ను చిన్నది. ఆ బలాన్నీ ఈ అలవాటునూ ఒక మొక్కలో చేర్చాలని లక్ష్మణయ్య సంకల్పించారు.

ఇంత దూరపు బంధువులను కలిపితే సంతానం కలుగుతుందా అనేది శాస్త్రపరంగా పెద్ద ప్రశ్న. గుర్రానికి 64 క్రోమోసోములు, గాడిదకు 62. ఆ రెండింటికి పుట్టిన కంచరగాడిదకు 63. దాని కణాలలో క్షయకరణ విభజన జరగవలసి వచ్చినప్పుడు క్రోమోసోములు జతలుగా సరిగా కూడవు. అందువల్ల కంచరగాడిద ఎంత బలం కలిగినదైనా దానికి సంతానం ఉండదు. రాగి విషయంలో అదృష్టవశాత్తు ఈ ఆటంకం లేదు. ఆఫ్రికా రాగికీ, మన రాగికీ 36 క్రోమోసోములే. వేల సంవత్సరాల ఎడబాటు తరువాత కూడా ఆ దేశపు క్రోమోసోములు ఈ దేశపు క్రోమోసోములను గుర్తించి, వాటి పక్కన చేరి, జతకూడాయి. సంకరమొక్కలు గింజలు కట్టాయి. ఆ గింజలలో నుండి కొత్తరకాలను ఏరే వీలు కలిగింది.

ఆ విధంగా ఏర్పడిన రకాలకు ఇండియా, ఆఫ్రికా పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి ఇండాఫ్ అని పేరు పెట్టారు. 1970, 1980 దశకాలలో ఇండాఫ్-1, ఇండాఫ్-3, ఇండాఫ్-5, ఇండాఫ్-7, ఇండాఫ్-8, ఇండాఫ్-9 మొదలైన రకాలు రైతులకు అందాయి. వీటిలో ఇండాఫ్-5 లక్ష్మణయ్య రూపొందించిన కావేరి రకానికి ఆఫ్రికా రాగిని కలుపగా వచ్చినది. ఇండాఫ్-8లో హుల్లుబెళె అనే కర్ణాటక నాటురాగి రక్తం ఉన్నది. తొలకరిలోనే విత్తడానికి వీలున్న రైతుకు ఎక్కువ కాలం పండే ఇండాఫ్-8, వాన ఆలస్యమైన రైతుకు తక్కువ కాలంలో చేతికివచ్చే ఇండాఫ్-9 అనుకూలించాయి. ఒకే మంచి విత్తనం అందరికీ సరిపోదనీ, రైతు నేలను, వానను బట్టి విత్తనం ఉండాలనీ ఈ రకాలను చూస్తే తెలుస్తుంది.

ఈ కృషి జరిగిన కాలాన్ని కూడా గమనించాలి. 1965, 1966 సంవత్సరాలలో మన దేశంలో వానలు విఫలమయ్యాయి. అమెరికా నుండి గోధుమ నౌకలు వస్తేనే తిండి దొరికే పరిస్థితి ఏర్పడింది. ఆ తరువాత వచ్చిన హరితవిప్లవంలో కొత్త గోధుమ, వరి రకాలు దేశాన్ని ఆదుకొన్నాయి. గోధుమ పరిశోధనకు నార్మన్ బోర్లాగ్ 1970లో నోబెల్ శాంతి బహుమతి పొందారు. కాని గోధుమకూ, వరికీ నీరు కావాలి, ఎరువు కావాలి. కాలువలేని కోలారు వంటి జిల్లాల రైతుకు ఆ విప్లవం దూరంగానే ఉండిపోయింది. రాగి, జొన్న, కొర్ర వంటి ధాన్యాలు పేదల తిండి అనే చిన్నచూపు కూడా ఉండేది. అటువంటి సమయంలో లక్ష్మణయ్య రాగిని విడువక పట్టుకొన్నారు. కర్ణాటకలోని మెట్టరైతుకు తన చేనులోనే, తన వానతోనే ఎక్కువ పండించుకొనే దారి చూపారు.

ఇండాఫ్ విత్తనాలతో రైతుకు మరొక మేలు కూడా కలిగింది. కొన్ని పంటలలో సంకర విత్తనాన్ని ప్రతి ఏడూ కొత్తగా కొనాలి. దాచిన గింజను విత్తితే రెండవ తరంలో గుణాలు చెదరిపోతాయి. దానికి కారణం క్షయకరణ విభజనే. ఇండాఫ్ రకాలు అలా కాదు. అనేక తరాలపాటు ఏరి స్థిరపరచినందున రైతు తన కళ్ళంలోని గింజలనే మరుసటి ఏడు విత్తుకోవచ్చు. పొరుగువానికి ఒక శేరు ఇవ్వవచ్చు. కూతురిని చూడబోతూ వియ్యంకునికి ఒక మూట తీసుకొనిపోవచ్చు. రైతును ఏటేటా విత్తనాల అంగడికి పంపే అవసరం లేకుండా, ఆ ఏరివేత శ్రమనంతా శాస్త్రవేత్త ముందుగానే పడ్డారు.

లక్ష్మణయ్య 1993లో మరణించారు. ఆ తరువాత కాలంలో అగ్గితెగులు రాగి రైతును చాలా బాధించింది. ఆకుల మీద మచ్చలతో మొదలై, మెడవరకు వ్యాపించి, వెన్నును తాలుగా మార్చే తెగులు అది. ఇండాఫ్ రకాలు కూడా దాని బారినుండి తప్పించుకోలేకపోయాయి. ఈ తెగులును తట్టుకొనే జి.పి.యు-28 అనే రకాన్ని బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1990 దశకంలో రూపొందించారు. కర్ణాటకలో అది ఎంతో విస్తారంగా సాగులోకి వచ్చింది. దాని వంశవృక్షాన్ని చూస్తే ఒక పక్క ఇండాఫ్-5, మరొక పక్క ఇండాఫ్-9 కనిపిస్తాయి. లక్ష్మణయ్య రకాలు పాతబడినా అంతరించలేదు. వాటి క్రోమోసోములు సగం సగంగా విడివడి, కొత్తవాటితో జతకూడి, వాటి తరువాత వచ్చిన రాగిలో కొనసాగుతున్నాయి.

ఒకనాడు పేదల తిండి అనిపించుకొన్న రాగిని నేడు పట్టణాలలో కూడా కోరి కొంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించింది. ఈ గౌరవం రాకముందే, దానికి పేరుగాని ధరగాని లేని రోజులలోనే, లక్ష్మణయ్య ఆ గింజ విలువను గుర్తించారు.

విజ్ఞానశాస్త్రం అనగానే అద్దాల గదులు, పెద్ద యంత్రాలు మాత్రమే తలపుకు రాకూడదు. రాగిచేనులో వంగి నిలబడి, ఆవగింజంత పువ్వును పరిశీలించడం కూడా విజ్ఞానశాస్త్రమే. కంటికి కనిపించని కణంలో జరిగే విభజనను అర్థం చేసుకొని, దాని ఫలితాన్ని పేదవాని కంచంలోకి చేర్చడం గొప్ప సేవ. పదేళ్ళ తరువాత వచ్చే ఫలితం కోసం నేడు ఒక గింజను జాగ్రత్తగా దాచే ఓర్పు ఉన్నవారే అటువంటి సేవ చేయగలరు. మాస్తి చుట్టుపట్ల చేలలో వేళ్ళు ముడిచిన పిడికిళ్ళవలె రాగివెన్నులు తలలూపే కార్తికమాసంలో, ఆ గింజల వెనుక ఉన్న అటువంటి ఓర్పును కూడా స్మరించడం మన విధి.